ఓఝాల చేత డోక్రా డోర్ హ్యాండిల్ చేయించుకోవాలంటే

మీ ఇంటి తలుపుకో, మీరు పని చేస్తున్న క్లయింటు ఇంటికో ఆదిలాబాద్ డోక్రా (మైనపు రూపం మీద మట్టి కప్పి పోసే ఇత్తడి పని) హ్యాండిళ్ళు పెట్టాలనుకుంటున్నారా? ముందు ఒక మాట. ఫోన్‌లో ఫొటో చూపించి "అచ్చం ఇట్లాంటివే ఇరవై కావాలి, నెలాఖరుకి" అంటే ఈ పని జరగదు. జరిగినా వచ్చినవి మీకు నచ్చవు, చేసినవాళ్ళకు గిట్టవు. ఇది మైనంతో మొదలయ్యే పని. కాగితం మీద ఎంత బాగున్న డిజైనైనా మైనం దగ్గరే తేలుతుంది. అక్కడ కూర్చోవడానికి మీకు తీరిక, చేసేవాళ్ళు మీకోసం పెట్టే తీరికకు ఇవ్వడానికి డబ్బు ఉంటే మిగతాదంతా సులువే.

నేను ఇంటీరియర్ డిజైనర్‌ని. పెరిగింది ఉట్నూరులో, నాన్న అక్కడ ఆశ్రమ పాఠశాలలో పంతులు. ఇప్పుడు ఉండేది హైదరాబాద్‌లో. ఇళ్ళకు కావలసిన హ్యాండిళ్ళు, అల్మారా నాబ్‌లు, దీపాలకు జాలీలు ఓఝాలనే ఇత్తడి పోతపనివాళ్ళ దగ్గర చేయిస్తుంటాను. ఇక్కడ హ్యాండిల్ గురించే రాస్తున్నాను గానీ నాబ్‌కైనా నేమ్‌ప్లేటుకైనా పద్ధతి ఇదే.

ఎవరు, ఎక్కడ, ఎప్పుడు

ఓఝాలు ఆదిలాబాద్ అడవుల్లో గోండులకు ఇత్తడి పోత పోసిపెట్టే జనం. వోజ్ అని కూడా అంటారు. గోండుల పూజావస్తువులు, గంటలు, గజ్జెలు, నగలు తరతరాలుగా వీళ్ళ చేతుల్లోంచే వెళ్ళాయి. ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో కేసలగూడ, ఉషేగావ్ ఊళ్ళు ఈ పనికి పేరు పడ్డాయి. జిల్లాలు విడిపోయినా పేరు మాత్రం పాతదే నిలిచింది: 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది "ఆదిలాబాద్ డోక్రా"కే. మైనంతో రూపం చేసి, దాని మీద మట్టి కప్పి, మైనాన్ని కరిగించి ఆ ఖాళీలో లోహం పోయడం బస్తర్‌లోనూ ఉంది, ఒడిశాలోనూ బెంగాల్లోనూ ఉంది. మొహెంజొదారోలో దొరికిన నాట్యగత్తె బొమ్మ కూడా ఇదే పద్ధతిలో పోసింది.

హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ హైవే మీద నిర్మల్ దాటాక గుడిహత్నూర్ దగ్గర కుడికి తిరిగితే ఇంద్రవెల్లి, ఉట్నూరు, ఆ తర్వాత జైనూరు. గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులున్న మార్లవాయి జైనూరు మండలంలోనే ఉంది. వెళ్ళినప్పుడు చూసి రండి. దారి అడిగేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: నాగోబా జాతర జరిగే కేస్లాపూర్ వేరు, కేసలగూడ వేరు. ఊళ్ళో అడుగుపెట్టగానే "రామ్ రామ్" అనండి. గోండీ రాకపోయినా ఫరవాలేదు, తెలుగుతో పని జరిగిపోతుంది, పెద్దవాళ్ళతో మరాఠీ కూడా పనికొస్తుంది. మొదటిసారి డిజైన్ పట్టుకెళ్ళొద్దు. వాళ్ళు అప్పటికే చేసి పెట్టినవి కొనండి, చేతిలో పట్టుకుని బరువు చూడండి. అంత దూరం ఇప్పుడే కుదరదంటే హైదరాబాద్‌లో ప్రభుత్వ హస్తకళల సంస్థ నడిపే గోల్కొండ షోరూముకు వెళ్ళి కనీసం నాలుగు వస్తువులు పట్టి చూడండి. ఫొటోలో బరువు తెలియదు.

ఎప్పుడు వెళ్ళాలన్నది చాలామంది ఆలోచించరు. వానాకాలంలో మట్టి ఆరదు, పైగా పొలం పనులు. దీపావళికి ముందు గోండుల దండారి పండగ రోజులు. గుస్సాడీ నర్తకులు నెమలీకల టోపీలు పెట్టుకుని ఊరూరా తిరిగే కాలమది, అప్పుడు ఆర్డర్ గురించి మాట్లాడటం మర్యాద కాదు. పుష్య అమావాస్యకు నాగోబా జాతర. నడి వేసవిలో ఇంకో చిక్కు: ఎండ ముదిరితే మైనం వేళ్ళకు అంటుకుపోతుంది, తీగ నిలబడదు, తెల్లవారుజామున తప్ప పని సాగదు. డిసెంబరు, జనవరి చలిలో దీనికి సరిగ్గా ఎదురు, మైనం పెళుసెక్కి విరుగుతుంది. దానికి మాత్రం కుంపటి పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. మొత్తానికి దీపావళి వెళ్ళాక మాట్లాడుకుని, జాతర రోజులు వదిలేసి, మార్చిలోపు పోత అయ్యేలా చూసుకుంటే అందరికీ హాయి.

ఏ రూపం అడగొచ్చు, ఏది అడగకూడదు

ఇది సొగసు గురించి మాట్లాడేముందే తేల్చుకోవాల్సిన సంగతి. ఓఝాలు చేసే వాటిలో కొన్ని గోండు వంశాల దేవుళ్ళకు సంబంధించినవి. వంశదేవుడు పెర్సాపేన్ పూజకు వాడే రూపం మీ బాత్రూమ్ తలుపుకు హ్యాండిల్ కాకూడదు. అది నాకు ఎవరో చెప్పాల్సిన పని లేదు, ఉట్నూరులో పెరిగినవాళ్ళకు తెలుసు. మీకు తెలియకపోతే అడగండి. "ఇది ఇంట్లో తలుపుకు పెట్టుకోవచ్చా తాతా?" అంటే చాలు. మొహమాటానికి నోరు తెరిచి "వద్దు" అనకపోవచ్చు, కానీ మాట మార్చేస్తారు. మాట మారిందంటే వద్దని అర్థం.

నెమలి, తాబేలు, చేప, ఏనుగు, ఎడ్లబండి, డోలు వాయించేవాడు, ఇలాంటివి మామూలుగా అమ్మకానికి చేసేవే కాబట్టి ఇబ్బంది లేదు. బొమ్మే లేకుండా వట్టి తీగల అల్లికతో హ్యాండిల్ చేయించినా బ్రహ్మాండంగా ఉంటుంది. నా మటుకు నాకు అదే ఎక్కువ ఇష్టం. తలుపు మీద ఏనుగు తొండం పట్టుకుని లాగడం నాకెప్పుడూ నచ్చలేదు.

మైనానికి తగ్గట్టు గీయడం

ఇప్పుడు అసలు డిజైన్. కంప్యూటర్‌లో గీసిన గీతలు ఇక్కడ ఎందుకు కుదరవో తెలియాలంటే పని ఎలా జరుగుతుందో తెలియాలి.

ముందు మట్టి, ఊక కలిపి లోపలి ముద్ద చేస్తారు. అది ఆరాక దాని మీద మైనం తీగలు చుడతారు. తేనెమైనానికి గుగ్గిలం కలిపి, గట్టితనం సరిచూసుకుని, జంతికల గొట్టంలాంటి దాంట్లోంచి ఒత్తో, చెక్క మీద అరచేత్తో దొర్లించో ఆ తీగలు తీస్తారు. చుట్టలు, జడలు, చుక్కలు, జాలీ, అంతా ఈ తీగతోనే. దాని మీద జల్లించిన మెత్తటి మట్టి పూత, ఆ పైన ఊక కలిపిన ముతక మట్టి. కాలిస్తే మైనం పోతుంది, మైనం ఉన్న జాగాలోకి ఇత్తడి వస్తుంది. చల్లారాక మట్టి పగలగొడతారు. అచ్చు అక్కడితో సరి. ఒక అచ్చుకు ఒకటే వస్తువు. అందుకే రెండు హ్యాండిళ్ళు ఒకేలా ఉండవు, ఉండాలని అడగకూడదు. రెండు రెక్కల తలుపుకు జత కావాలంటే "పొడవు, లావు ఒకటే ఉండాలి, అల్లిక మీ ఇష్టం" అని చెప్పండి. తలుపు మీద చూసేవాళ్ళ కన్ను పొడవునే పోల్చుకుంటుంది, అల్లికను కాదు.

ఈ పద్ధతిలో తేలిగ్గా వచ్చేవి ఏంటంటే, జాలీలు, లోపలికి మెలికపడ్డ ఆకారాలు, ఒకదాంట్లోంచి ఒకటి దూరే తీగలు. మామూలు ఫ్యాక్టరీ అచ్చులో ఇవి చేయాలంటే అచ్చు విడదీయలేక తల పట్టుకుంటారు. ఇక్కడ అచ్చును విడదీయరు, పగలగొడతారు కాబట్టి ఎంత మెలికైనా ఒకటే. ఈ వెసులుబాటును వాడుకోకుండా నున్నటి చదరపు పలక గీస్తే డోక్రా చేయించుకోవడమెందుకు? పైగా పల్చటి వెడల్పాటి పలకలు వంకరపోతాయి, మధ్యలో లోహం చేరక చిల్లులు పడతాయి. మరీ సన్నగా పొడుగ్గా ఉన్న కొసలదాకా కూడా ఇత్తడి పారకముందే గడ్డకడుతుంది. ఎక్కడా 3 మిల్లీమీటర్లకు తగ్గకుండా, లావు నుంచి సన్నానికి నెమ్మదిగా దిగేలా గీయండి.

బరువు లెక్క ముందే వేసుకోండి. తేనెమైనం కంటే ఇత్తడి దాదాపు తొమ్మిది రెట్లు బరువు. మైనం రూపాన్ని తూకం వేస్తే ఎంత ఇత్తడి పడుతుందో అక్కడే తెలిసిపోతుంది. 20 సెంటీమీటర్ల పొడవు, 20 మిల్లీమీటర్ల లావున్న గుండ్రటి హ్యాండిల్ గట్టిగా పోస్తే మైనం 60 గ్రాములు, ఇత్తడి సుమారు 540 గ్రాములు. అదే లోపల మట్టి ముద్ద ఉంచి చుట్టూ 3 మిల్లీమీటర్ల మందం పోస్తే సుమారు 270 గ్రాములే. పోత దారిలో నిలిచిపోయే ఇత్తడి దీనికి అదనం, అది మళ్ళీ కరిగించుకోవచ్చు. సగం లోహం తగ్గిందంటే ఖర్చు, కరిగించే బొగ్గు రెండూ తగ్గాయన్నమాట. బోలుగా చేయిస్తే లోపలి ముద్ద కదలకుండా అక్కడక్కడ మేకులు గుచ్చుతారు. మైనం కరిగిపోయాక ఆ ముద్దను పట్టి ఉంచేవి అవే. ఇనుప మేకులు తర్వాత తుప్పు పట్టి ఇత్తడి మీద మరకలు పెడతాయి, కాబట్టి అవి తీయించి రంధ్రం మూయించాలి.

ఇంకా తక్కువ లోహంతో చేయాలనుంటే నేను చేసే పని చెబుతాను. హ్యాండిల్ మొత్తం ఇత్తడి పెట్టను. రెండు కొసల దగ్గర మాత్రం డోక్రా, చెయ్యి పడే మధ్యభాగంలో పాత ఇళ్ళు కూల్చినప్పుడు దొరికే టేకు కడ్డీ. ఇత్తడి వాడకం బాగా తగ్గుతుంది, చలికాలం పొద్దున్నే తలుపు పట్టుకుంటే చల్లగా జివ్వుమనదు కూడా.

ఇక కొలతలు. ఇత్తడి గడ్డకట్టి చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులు కుంచించుకుపోతుంది. 200 మిల్లీమీటర్ల మైనం 196, 197 అవుతుంది. అందులో చేతిపని తేడా కలుస్తుంది. అందుకని బోల్టు రంధ్రాలు పోతలో పెట్టమని అడగొద్దు. రెండు చోట్ల గట్టి గుబ్బలు మాత్రం ఉంచమనండి. హ్యాండిల్ చేతికొచ్చాక హైదరాబాద్ బాలానగర్‌లోనో మీ ఊళ్ళోనో లేత్ పనివాడి దగ్గర ఆ గుబ్బల్లో డ్రిల్ చేసి 6 లేదా 8 మిల్లీమీటర్ల మర తీయించండి. తలుపుకు రంధ్రాలు ఆ తర్వాతే, ఒక్కో హ్యాండిల్‌ను దాని తలుపు మీద పెట్టి కొలుచుకుని. వడ్రంగి గొణుగుతాడు. గొణగనివ్వండి.

మైనం దశలో కూర్చోండి

మీరు వెళ్ళాల్సింది పోత రోజున కాదు, మైనం రోజున. పోత చూడముచ్చటగా ఉంటుంది, వీడియోలకు బాగుంటుంది. కానీ మీ మాట పనికొచ్చేది మైనం దగ్గరే. ఇక్కడ ఏదైనా మార్చాలంటే తీగ పీకి మళ్ళీ చుట్టడమే, నష్టం లేదు. ఇత్తడి అయ్యాక మార్చాలంటే మొదటినుంచి.

మైనం రూపం చేతిలో పెట్టుకుని మూడు నాలుగు సంగతులు చూడండి. మొదటిది, వేళ్ళు లోపలికి పడుతున్నాయా? హ్యాండిల్‌కూ తలుపుకూ మధ్య 35 నుంచి 40 మిల్లీమీటర్ల సందు లేకపోతే పెద్ద చేతులవాళ్ళకు కణుపులు గీరుకుంటాయి. రెండోది, లోపలివైపు, అంటే వేళ్ళు ఆనే వైపు, తీగల కొసలు పైకి లేచి ఉన్నాయా? ఇప్పుడు మెత్తగా ఉన్న ఆ కొస రేపు ఇత్తడి ముల్లవుతుంది. దాన్ని వేలితో అద్దేయమనండి, లేదా లోపలివైపు అల్లిక లేకుండా నున్నగా వదిలేయమనండి. మూడోది చున్నీ పరీక్ష. చున్నీనో చీర కొంగునో హ్యాండిల్ మీదుగా లాగి చూడాలి. కానీ మైనం మీద బట్ట లాగితే రూపం చెడుతుంది కాబట్టి, అల్లికలో బట్ట ఇరుక్కునే కొక్కేలున్నాయా అని కళ్ళతో వెతకండి. నెమలి ముక్కు ఎప్పుడూ అనుమానితురాలే. దాన్ని ఛాతీకి ఆనించి వంచమంటే బొమ్మ కూడా ముద్దొస్తుంది.

నాలుగోది మీకు నచ్చకపోవచ్చు. మీరు గీసినదానికంటే వాళ్ళు చుట్టింది బాగుంటే మీ గీత వదిలేయండి. నేనొకసారి అల్మారా నాబ్‌కు గుండ్రటి చుట్ట గీసి ఇచ్చాను. అక్కడి పెద్దమ్మ తీగ చుడుతూ చుడుతూ కొసను బయటికి వదిలి తిప్పి తాబేలు తోక చేసేసింది. వేలు ఆనడానికి ఆ తోకే అసలు పట్టు అయింది. ఆ నాబ్ ఇప్పుడు నా ఆర్డర్లలో ఎక్కువగా వెళ్ళేది, డిజైన్ తనదే అని బిల్లులోనూ డబ్బులోనూ ఉంటుంది.

వెళ్ళలేకపోతే వాట్సాప్‌లో ఫొటో అడగొచ్చు. పక్కన స్కేలు పెట్టి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. సిగ్నల్ ఉన్నప్పుడు వస్తాయి. గంటకోసారి "ఏమైంది అన్నా" అని మెసేజ్ పెట్టకండి.

మట్టి, మంట, పొగ

ఇక్కడ మీరు చేసేదేమీ లేదు, తొందరపెట్టకుండా ఉండటం తప్ప. మట్టి పూతలు నీడలో ఆరాలి, ఎండలో పెడితే లోపల మైనం కదిలిపోతుంది. ఒక పూత ఆరాకే ఇంకో పూత. లోపల తేమ మిగిలిన అచ్చులో కరిగిన ఇత్తడి పోస్తే ఆ తేమ ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. "రెండు రోజుల్లో కావాలి" అన్న మాటకు అసలు అర్థం ఇదీ. డెడ్‌లైన్ టెన్షన్ మీ క్లయింటుతో పడండి, కొలిమి దగ్గర వద్దు.

ఇత్తడి కరగడానికి 900 డిగ్రీలు దాటాలి, పోయడానికి ఇంకాస్త వేడి. ఇత్తడిలో ఉన్న జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది. కొలిమి మీద తెల్లటి పొగ లేస్తుందే, అది జింకు పొగ. పీల్చితే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. ఇత్తడి పోత పనివాళ్ళకు ఇది కొత్త కాదు. ఆర్డర్ ఇచ్చేవాళ్ళుగా మీరు చేయగలిగింది చిన్నదే: పోత ఆరుబయట, గాలికి ఎదురు కాకుండా జరగాలని మాట్లాడుకోండి. పొగను ఆపే మాస్కులు, తోలు చేతి తొడుగులు మీరే కొనుక్కెళ్ళండి. కరోనా నాటి గుడ్డ మాస్కులు దీనికి పనికిరావు.

బొగ్గు సంగతి. ఈ పనిలో పర్యావరణం గురించి మాట్లాడేవాళ్ళంతా "పాత ఇత్తడితో చేస్తారు కాబట్టి మంచిది" అని ఆగిపోతారు. ఎక్కువ ఖర్చయ్యేది కొలిమిలో మండేదే. ఒక్క హ్యాండిల్ కోసం కొలిమి వెలిగించినా పన్నెండు హ్యాండిళ్ళ కోసం వెలిగించినా కొలిమి వేడెక్కడానికి పట్టే బొగ్గులో పెద్ద తేడా ఉండదు. కాబట్టి విడివిడిగా ఆర్డర్లు ఇవ్వకండి. మీకు నాలుగే కావాలంటే ఇంకో డిజైనర్‌తో కలిసి వెళ్ళండి, లేదా వాళ్ళ మామూలు పోత రోజు వరకు ఆగండి. తోలు తిత్తి బదులు చిన్న కరెంటు బ్లోయర్ పెడితే గాలి నిలకడగా వస్తుంది. పాత పద్ధతి పోతుందని మనం బాధపడక్కర్లేదు, తిత్తి లాగి చెయ్యి నొప్పి పుట్టేది మనకు కాదు. మైనం సంగతి కూడా చూడాలి. కొంత మట్టిలోకి ఇంకుతుంది, కొంత మండిపోతుంది. అచ్చును తలకిందులు చేసి ముందు సన్నసెగ మీద వేడిచేస్తే కారిన మైనాన్ని పట్టి మళ్ళీ వాడుకోవచ్చు. తేనెమైనం ఖరీదు చూస్తే ఇది చిన్న సంగతేం కాదు. ఖరీదు తగ్గించడానికి పారఫిన్ (పెట్రోలియం మైనం) కలిపే వాళ్ళుంటారు. తీగ పనికి తేనెమైనంలో ఉన్న సాగుడు దానికి ఉండదు, కాబట్టి మైనం డబ్బులో బేరమాడకండి.

తుక్కులో ఏముందో చూడండి

ఇత్తడి మీరు కొనిస్తారా, వాళ్ళే తెచ్చుకుంటారా అన్నది ముందే అనుకోండి. మీరు కొంటే పాత బిందెలు, చెంబులు, పళ్ళాలు మేలు. పాత కుళాయిలు, వాల్వులు కూడా ఇత్తడే, కానీ సులువుగా మర తీయడానికి వాటి లోహంలో సీసం కలుపుతారు. తలుపు హ్యాండిల్‌కు ఇబ్బంది తక్కువే. అన్నం తినే గిన్నె, చంటిపిల్ల నోట్లో పెట్టుకునే గిలక్కాయ మాత్రం అలాంటి తుక్కుతో చేయించొద్దు. అసలు ఏ తుక్కు ఎక్కడిదో తెలియనప్పుడు తిండి సామాను చేయించకపోవడమే మంచిది. తుక్కులో ఇనుప మరలు, అల్యూమినియం ముక్కలు ఏరేయాలి. అల్యూమినియం కలిస్తే పైన పొర కట్టి పోత మొహం చెడిపోతుంది. కొనేటప్పుడు జేబులో అయస్కాంతం పెట్టుకోండి. ఇత్తడికి అంటదు.

డబ్బు మాటలు

సామాను డబ్బు, అంటే ఇత్తడి, మైనం, బొగ్గు, మొత్తం ముందే ఇచ్చేయండి. మైనం రూపం ఒప్పుకున్న రోజు కూలిలో మూడో వంతు. మిగతాది వస్తువు తీసుకునేటప్పుడు, మోసుకెళ్ళేలోపే. "శాంపిల్ ఫ్రీగా చేసివ్వండి, నచ్చితే పెద్ద ఆర్డర్" అనే మాట ఆ ఊళ్ళలో చాలామంది అనేసి వెళ్ళిపోయారు. శాంపిల్‌కు డబ్బివ్వండి, ఒక్కదానికి కొలిమి వెలిగించడం ఖరీదు కాబట్టి ఎక్కువే ఇవ్వండి.

కూలిని కిలో లెక్కన కట్టకండి. కిలో లెక్క కడితే లావుగా చేసినవాడికి ఎక్కువ, సన్నటి జాలీ అల్లినవాడికి తక్కువ వస్తుంది. అప్పుడు అల్లిక ఎవరు చేస్తారు? ఇత్తడికి తూకం, పనికి పనిరోజుల లెక్క, రెండూ వేరువేరుగా రాసుకోండి. పోతలో కొన్ని చెడతాయి. ఎక్కడో లోహం చేరదు, ఎక్కడో బుడగ. పన్నెండు కావాలంటే పద్నాలుగు మైనాలు చేయించి పద్నాలుగింటి కూలీ ఇవ్వండి. అన్నీ బాగా వస్తే రెండు మీ దగ్గరే ఉంటాయి, ఎప్పుడో పనికొస్తాయి. చెడినవాటి ఇత్తడి తిరిగి కొలిమిలోకే వెళ్తుంది కాబట్టి దాని ధర ఎవరూ పోగొట్టుకోరు.

పేరు సంగతి కూడా డబ్బు సంగతే. "ఆదిలాబాద్ డోక్రా" అన్న పేరుతో అమ్మే హక్కు ఆ భౌగోళిక గుర్తింపు కింద నమోదైన వాడకందారులకే ఉంది. మీరు అమ్మేవాళ్ళైతే ఎవరి దగ్గర చేయించారో వాళ్ళు నమోదై ఉన్నారా అడగండి. లేకపోతే నమోదుకు కావలసిన కాగితాలు, ఫీజు మీరు చూసిపెట్టండి, ఉట్నూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) దాకా తోడు వెళ్ళండి. చేసినవారి పేరు, ఊరు కార్డు మీద వేయాలంటే వాళ్ళ అనుమతి తీసుకోండి. ఇంత ఎందుకు చెబుతున్నానంటే, నేను చేయించిన జాలీ హ్యాండిల్ ఒకటి తర్వాత ఇంకెక్కడో ఇసుక అచ్చులో పోసి "ట్రైబల్ కలెక్షన్" పేరుతో అమ్మకానికి వచ్చింది. చూడగానే తెలిసింది: తీగల మధ్య సందులు పూడుకుపోయి ఉన్నాయి, పక్కల అచ్చు అతికిన సన్నటి గీత ఉంది, పెట్టెలో పదీ అచ్చం ఒకేలా ఉన్నాయి. కొనేటప్పుడు మీరూ ఈ మూడే చూడండి. నిజమైన డోక్రాలో తీగ పక్కన తీగ విడిగా కనిపిస్తుంది, గోరు పెడితే సందు తగులుతుంది.

మెరుగు, బిగింపు

పోత మట్టిలోంచి తీశాక తీగ బ్రష్షు, ఆకురాయి, చింతపండు. అక్కడితో ఆపండి. బంగారంలా మెరవాలని బఫింగ్ చక్రం పెట్టిస్తే తీగల గీతలు అరిగిపోతాయి, అంత పనీ నున్నటి ముద్దవుతుంది. పైన పీయూ, లాకర్ లాంటి పారదర్శక పూతలు కూడా వద్దు. చెయ్యి ఎప్పుడూ పడే చోట అది ఏడాదిలో పెచ్చులు లేస్తుంది, పెచ్చు లేచిన చోట నల్లగా, మిగతా చోట పసుపుగా అసహ్యంగా ఉంటుంది. తీయాలంటే మందులు వాడాలి. ఏ పూతా లేకపోతే చెయ్యి పడే చోట మెరుస్తూ, పడని చోట గోధుమ రంగు తిరుగుతూ వస్తుంది. అది ఇష్టం లేని క్లయింటుకు ముందే చెప్పండి. సముద్రం పక్క ఊళ్ళలో, విశాఖ, కాకినాడ వైపు, ఉప్పుగాలికి పచ్చటి చిలుము త్వరగా పడుతుంది. అక్కడ నెలకోసారి పల్చగా తేనెమైనం రుద్దించండి.

వీధి తలుపుకు బోలు హ్యాండిల్ పెడుతుంటే లోపలి మట్టి పూర్తిగా దులిపించాకే పెట్టండి. మట్టి మిగిలితే వానకు తేమ పట్టి లోపలినుంచి మరకలు వస్తాయి. బోల్టులు ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో వాడండి. బరువైన తలుపైతే వెనకవైపు వాషరు పెద్దది వేయించండి, చెక్క నలగకుండా. బోల్టు మరీ బిగించొద్దని వడ్రంగికి చెప్పండి. పోత ఇత్తడి గుబ్బలో మర తెగితే మళ్ళీ లేత్ దాకా వెళ్ళాలి.

ఎప్పుడో హ్యాండిల్ విరిగినా, ఇల్లు అమ్మేసి తీసేసినా దాన్ని పాత సామాన్లవాడికి వేయకండి. రెండో ఆర్డర్‌కు వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళండి. ఆ లోహంలో ఏముందో పోసినవాళ్ళకు తెలుసు, తూకం వేసుకుని కొత్తదాని ఇత్తడి లెక్కలో కలుపుకుంటారు.